క్షయకు మందు ఎంతో, ఇంటివారి తోడు అంతే



మా వార్డులో తరచు చూసే సంగతి ఒకటి చెబుతాము. కోడలికి టీబీ, అంటే క్షయ అని తేలుతుంది. మందులు మొదలుపెడతాము. రెండు నెలలకు దగ్గు తగ్గి, కాస్త ఒళ్ళు చేస్తుంది. ఇంతలో అత్తవారింట్లో ఆమెకు కంచం వేరు, గ్లాసు వేరు. పిల్లలను దగ్గరకు రానివ్వరు. చివరికి పుట్టింటికి పంపేస్తారు. అక్కడ, చెల్లెలికి సంబంధాలు రావేమోనని ఆ మాటే బయటకు పొక్కనివ్వరు. మందు ఆగిపోతుంది. మళ్ళీ మా దగ్గరకు వచ్చేసరికి రోగం ముదిరి ఉంటుంది. ఒక్కోసారి మామూలు మందులకు లొంగదు. ఆ మొండి క్షయే ఇంట్లోవారికీ, ఇరుగుపొరుగుకూ అంటుతుంది. దూరం పెట్టడం వల్ల రోగం పోదు, పెరుగుతుంది.

క్షయ గాలి ద్వారా, ముఖ్యంగా రోగి దగ్గినప్పుడు అంటుతుంది. కంచం వల్ల, బట్టల వల్ల, ముట్టుకుంటే అంటదు. సరైన మందు క్రమంగా వాడితే కొద్ది వారాల్లోనే అంటించే గుణం బాగా తగ్గిపోతుంది.

మందులు లేని రోజుల్లో రోగులను శానిటోరియంలలో ఉంచేవారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో మిషన్ల వారు అలాంటిదే నడిపారు. మందులు వచ్చాక, 1950లలో మద్రాసులో కొందరికి శానిటోరియంలో, కొందరికి ఇంటి దగ్గరే చికిత్స చేసి పోల్చి చూశారు. 1959లో ఫలితం వెలువడింది. ఇంటి దగ్గర ఉన్నవారికీ దాదాపు అంత బాగానే నయమైంది. వారి ఇంట్లోవారికి రోగం ఎక్కువేమీ రాలేదు.

తిండి సంగతి కూడా అంతే. ఝార్ఖండ్‌లో రోగుల కుటుంబాలకు నెలనెలా అదనపు ఆహారం ఇస్తే, ఆ ఇళ్ళలో కొత్తగా క్షయ రావడం సుమారు 40 శాతం తగ్గిందని 2023లో తేలింది. అందరూ తిన్నాక మిగిలింది తినే ఇల్లాలి గురించి ఆలోచించండి.

ఇంటివారు చేయవలసినవి:

1. ఒకరు బాధ్యత తీసుకుని రోజూ మందు వేయించాలి. మామూలు క్షయకు 6 నెలలు. తగ్గినట్టున్నా, డాక్టరుగారు చెప్పకుండా ఆపకూడదు.
2. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డం పెట్టించండి. కిటికీలు తెరిచి ఉంచండి.
3. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకోండి. అవసరమైనవారికి రోగం రాకుండా మందు ఇస్తారు.
4. పప్పు, గుడ్డు, పాలు పెట్టండి. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులు ఉచితం. పోషణకు నెలకు ఇచ్చే 500 రూపాయలను 2024 నవంబరు నుండి 1000 చేశారు.
5. రెండు వారాలు దాటిన దగ్గును దాచవద్దు.

మన ప్రభువు కుష్ఠరోగిని దూరం నుంచే పంపివేయలేదు. దగ్గరకు రానిచ్చి, ముట్టి బాగుచేశాడు. మాత్రలు మేము ఇవ్వగలము. రోగి పక్కన కూర్చుని అన్నం పెట్టవలసింది మీరే.