నలభై ఎపిసోడ్ల ట్రైన్: స్ట్రీమింగే తెచ్చింది, స్ట్రీమింగే తీసేసింది

ఫోన్ రివ్యూల్లో మనం ముందు చెక్ చేసే వాటిలో వైడ్‌వైన్ ఎల్1 ఒకటి. అది లేకపోతే ఓటీటీ యాప్స్‌లో హెచ్‌డీ రాదు కాబట్టి. ఈ ఆర్టికల్ కూడా ఒక రకంగా దాని గురించే, కానీ దారి కొంచెం చుట్టూ తిరుగుతుంది. మధ్యలో ఒక కార్టూన్ ఉంది.

పేరు ఇన్ఫినిటీ ట్రైన్. ఓవెన్ డెన్నిస్ సృష్టి. 2019 ఆగస్టులో అమెరికాలో కార్టూన్ నెట్‌వర్క్‌లో రోజుకి రెండు ఎపిసోడ్ల చొప్పున 5 రోజుల్లో మొదటి సీజన్ అయిపోయింది. వీళ్లు సీజన్ అనరు, 'బుక్' అంటారు. ఒక్కో బుక్‌లో 10 ఎపిసోడ్లు, ఒక్కోటి దాదాపు 11 నిమిషాలు. అంటే మన సినిమా ఇంటర్వెల్ దాటి కాస్త ముందుకెళ్లేసరికి ఒక బుక్ పూర్తవుతుంది.

హీరోయిన్ ట్యూలిప్ గేమ్స్ కోడ్ చేసే అమ్మాయి. అమ్మానాన్నలు విడాకులు తీసుకున్నారు, గేమ్ డిజైన్ క్యాంప్ ప్లాన్ చెడింది, కోపంతో ఇల్లు వదిలి అంతులేని ఒక ట్రైన్ ఎక్కేసింది. ఒక్కో బోగీ ఒక్కో ప్రపంచం. అరచేతిలో పచ్చగా వెలిగే నంబర్. మనసులో ముడి విప్పుకునే కొద్దీ అది తగ్గుతుంది, సున్నా అయితే బయటికి తలుపు తెరుచుకుంటుంది. ఆ నంబర్‌ని ట్యూలిప్ బగ్ డీబగ్ చేసినట్టు పట్టుకుంటుంది. కోడ్ రాసేవాళ్లకి ఆమె వెంటనే నచ్చేస్తుంది.

అసలు విషయం బుక్ 3. 2020 ఆగస్టులో ఇది టీవీలో కాకుండా హెచ్‌బీఓ మ్యాక్స్‌లో వచ్చింది. ఇందులో గ్రేస్, సైమన్ అనే ఇద్దరు ఉల్టా నమ్ముతారు: నంబర్ ఎంత పెరిగితే అంత గొప్ప. అందుకే పిల్లల గుంపుని వెంటేసుకుని బోగీలు ధ్వంసం చేస్తుంటారు. ఇద్దరిలో ఒకరు మారడం మొదలుపెడతారు, ఇంకొకరు మారరు. మారనివాళ్లని కథ బలవంతంగా మంచివాళ్లని చేయదు. పిల్లల కార్టూన్‌లో ఇంత చీకటి నేను చూడలేదు. నాలుగింట్లో నా ఓటు దీనికే. బుక్ 4 (2021 ఏప్రిల్) పర్లేదు, అంతే.

ఇక్కడిదాకా స్ట్రీమింగ్‌కి థ్యాంక్స్ చెప్పాల్సిందే. కానీ 2022 ఏప్రిల్‌లో వార్నర్ మీడియా, డిస్కవరీ కలిసిపోయాయి. ఖర్చుల కోత మొదలైంది. ఆగస్టులో హెచ్‌బీఓ మ్యాక్స్ నుంచి చాలా టైటిల్స్ తీసేశారు. సమ్మర్ క్యాంప్ ఐలాండ్ పోయింది, ఇన్ఫినిటీ ట్రైన్ నలభై ఎపిసోడ్లూ పోయాయి. టీవీ రోజుల్లోనూ షోలు ఆగిపోయేవి, అది కొత్త కాదు. ఇక్కడ అప్పటికే పూర్తయి జనం చూస్తున్న షోని సర్వర్ నుంచే తీసేశారు.

"డౌన్‌లోడ్ చేసుకుంటే సరిపోయేది కదా" అంటారా? ఓటీటీ యాప్‌లో డౌన్‌లోడ్ అంటే మీ ఫోన్‌లో ఉండేది ఎన్‌క్రిప్ట్ అయిన ఫైల్. తెరిచే కీ లైసెన్స్‌తో వస్తుంది, లైసెన్స్‌కి గడువు ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో ఆ పని చూసేది సాధారణంగా వైడ్‌వైనే. మనం స్పెక్ షీట్‌లో టిక్ పెట్టే ఎల్1 ఉన్నంత మాత్రాన ఆ ఫైల్ మనదైపోదు. 512 జీబీ స్టోరేజ్ ఉన్నా అంతే.

ఫైనల్ స్పేస్ కథ ఇంకా విచిత్రం. ఓలన్ రోజర్స్ తీసిన ఈ సిరీస్ మూడు సీజన్ల తర్వాత 2021లో రద్దయింది, కథ మధ్యలోనే. తర్వాత పన్ను లెక్కల్లో రైట్ ఆఫ్ అయింది. ఆయన పట్టువదల్లేదు, ముగింపుని గ్రాఫిక్ నవలగా తేవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. స్క్రీన్ మీద మొదలైన స్పేస్ కథ చివరికి కాగితం మీద ముగిసింది.

ట్రైన్ విషయానికొస్తే, బుక్ 1, 2 డీవీడీలు వచ్చాయి. సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే, డీవీడీ డ్రైవ్ ఉన్న పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉంటే, బేరం ఆడకుండా తీసేసుకోండి. నేను అందరికీ చూడమని చెప్పే బుక్ 3కి మాత్రం డిస్క్ రాలేదు.