పాత ఎస్టేట్ కారును ఉంచుకోవాలా, పెద్ద హ్యాచ్‌బ్యాక్ కొనాలా?

చిత్తూరు, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల నుండి వచ్చి హూడి, కుందలహళ్ళి, మారతహళ్ళి, వర్తూరు పరిసరాలలో స్థిరపడిన కుటుంబాలకు కారు కేవలం ఆఫీసుకు వెళ్ళే వాహనం కాదు. పండుగకు ఊరికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో బియ్యం బస్తాలు, పచ్చళ్ళ జాడీలు, మామిడికాయల పెట్టెలు తెచ్చుకునే వాహనం కూడా అదే. ఆ అవసరానికి ఇండిగో మరీనా, బలెనో ఆల్టురా వంటి చిన్న ఎస్టేట్ కార్లు చక్కగా సరిపోయేవి. అటువంటి కారు ఇంకా నడుస్తున్న ఇంట్లో, దానిని మార్చి నేటి పెద్ద హ్యాచ్‌బ్యాక్ కొనాలా అన్న ప్రశ్న ఎదురైనప్పుడు పరిశీలించవలసిన అంశాలు ఇవి.

ఎస్టేట్ కారుకు బదులు ఎస్టేట్ కారు ఎందుకు దొరకదు?

2006-07 కేంద్ర బడ్జెట్‌లో చిన్న కార్లపై ఎక్సైజ్ సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను 1200 సీసీ లేదా డీజిలు ఇంజను 1500 సీసీ లోపు ఉన్న కార్లకే ఆ తగ్గింపు వర్తించింది. డిక్కీని వెనుకకు పొడిగించిన ఎస్టేట్ కార్లు ఆ హద్దు దాటిపోయాయి. ఆ గీత నేటికీ ఉన్నది. 2025 సెప్టెంబరు 22 నుండి ఆ కొలతల లోపలి కార్లపై జీఎస్టీ 18 శాతం, వాటిని మించిన పెట్రోలు, డీజిలు కార్లపై 40 శాతం. అందువలననే బలెనో, ఐ20, ఆల్ట్రోజ్ మూడూ 3.99 మీటర్ల దగ్గర ఆగిపోయాయి. ఒకనాడు ఎస్టేట్ కారుకున్న బలెనో అన్న పేరు, 2015 నుండి హ్యాచ్‌బ్యాక్‌కు చెందడం ఈ మార్పుకు ఒక గుర్తు.

డిక్కీ కొలత

నేటి హ్యాచ్‌బ్యాక్‌లు పొడవులో కాక వెడల్పులో పెరిగాయి. బలెనో వెడల్పు 1745 మిల్లీమీటర్లు, ఐ20 వెడల్పు 1775. వెనుక సీటులో ముగ్గురికి ఇది సౌకర్యమే. అయితే డిక్కీ బలెనోలో 318 లీటర్లు, ఐ20లో 311, ఆల్ట్రోజ్ పెట్రోలు కారులో 345. వెనుక సీటు మడిచినప్పుడు ఎస్టేట్ కారులో లభించే పొడవైన, చదునైన నేల వీటిలో ఉండకపోవచ్చు.

కాబట్టి కరపత్రంలోని లీటర్ల సంఖ్యను మాత్రమే నమ్మవద్దు. ఇంట్లో పెద్దలు చక్రాల కుర్చీ వాడుతుంటే దానిని షోరూముకు తీసుకువెళ్ళి, డిక్కీలో పెట్టి చూడండి. వెనుక సీటు ఒక్క ముక్కగా మడుస్తుందా, రెండు భాగాలుగా మడుస్తుందా అన్నది అడగండి. రెండు భాగాలైతే ఒక వైపు సామాను, మరొక వైపు మనిషి ప్రయాణించవచ్చు. అపార్ట్‌మెంటులో మీకు కేటాయించిన పార్కింగ్ స్థలాన్ని కూడా టేపుతో కొలుచుకోండి.

పాత కారును ఉంచుకుంటే

ఢిల్లీ పరిసరాలకు సంబంధించిన వయోపరిమితి ఆంక్షలు బెంగళూరుకు వర్తించవు. 15 ఏళ్ళు నిండిన కారును ఆర్టీవో కార్యాలయంలో తనిఖీ చేయించి, ఐదేళ్ళకు ఒకసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవచ్చు. అయితే 20 ఏళ్ళు దాటిన కార్లకు ఈ రుసుమును 2025 ఆగస్టులో కేంద్రం 5,000 నుండి 10,000 రూపాయలకు పెంచింది. హరిత పన్ను, కాలుష్య ధ్రువపత్రం, హై సెక్యూరిటీ నంబరు ప్లేటు ఖర్చులు అదనం.

కారు ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ నంబరుతో ఉంటే మరొక లెక్క ఉన్నది. మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, 12 నెలలకు మించి వేరొక రాష్ట్రంలో ఉంచిన వాహనానికి అక్కడి నంబరు తీసుకోవాలి. సొంత రాష్ట్రం నుండి నిరభ్యంతర పత్రం తెచ్చి, కారు వయస్సును బట్టి కర్ణాటక పన్ను చెల్లించాలి. కృష్ణరాజపురం ఆర్టీవో పరిధిలో ఆ నంబరు కేఏ-53తో మొదలవుతుంది. పాత కారుపై పెద్ద మరమ్మతు చేయించే ముందే ఈ ఖర్చును కలిపి చూసుకోవాలి.

డబ్బు కంటే ముఖ్యమైనది భద్రత. ఇరవై ఏళ్ళ నాటి కార్లలో అనేకం ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ బ్రేకులు లేకుండానే వచ్చాయి. హోస్కోట, కోలారు, ముళబాగిలు మీదుగా పలమనేరు దారిలో పిల్లలను, పెద్దలను వేగంగా తీసుకువెళ్ళే కుటుంబం ఈ ఒక్క అంశానికి మిగిలిన అన్నింటికంటే ఎక్కువ బరువు ఇవ్వాలి. పెట్రోలు కారైతే, 20 శాతం ఇథనాల్ కలిసిన ఇంధనానికి పాత రబ్బరు గొట్టాలు తట్టుకుంటున్నవో లేదో మెకానిక్ చేత చూపించుకోవాలి.

కొత్త కారు కొంటే

షోరూము ధరతో లెక్క ముగియదు. కర్ణాటకలో జీవితకాల పన్ను కారు ధరను బట్టి 13 నుండి 18 శాతం వరకు ఉంటుంది. ఉదాహరణకు 8 లక్షల రూపాయల కారుకు 14 శాతం చొప్పున 1,12,000 రూపాయలు, దానిపై సెస్సు అదనం. బీమాలో మీకు నో క్లెయిమ్ బోనస్ ఉంటే అది కారుది కాదు, మీది. ధ్రువపత్రం తీసుకుని కొత్త పాలసీకి మార్చుకోండి.

పాత కారును ఇచ్చివేసేటప్పుడు

అమ్మితే 29, 30 నంబరు ఫారాలు సమర్పించి, రికార్డులో పేరు మారిందని నిర్ధారించుకోండి. పేరు మారనంత వరకు ప్రమాద పరిహార బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తుక్కుకు ఇస్తే ప్రభుత్వ నమోదు పొందిన కేంద్రానికే ఇచ్చి, డిపాజిట్ ధ్రువపత్రం తీసుకోండి. దానితో కొత్త కారు రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు లభిస్తుంది. పన్ను రాయితీ ఎంతో ఆర్టీవోలో అడిగి తెలుసుకోండి.

నిర్ణయం

ఒక కాగితంపై గత ఏడాది ప్రయాణాలు వ్రాయండి. 2023 నుండి మెట్రో ఊదా మార్గం వైట్‌ఫీల్డ్ వరకు నడుస్తున్నది. ఆఫీసుకు మెట్రోలో వెళ్తూ, కారును వారానికి ఒకసారి సంతకు, కూరగాయలకు మాత్రమే తీసే ఇంటికి, తనిఖీలో నెగ్గిన కర్ణాటక నంబరు ఎస్టేట్ కారును ఉంచుకోవడమే లాభం. తరచుగా హైవేపై కుటుంబంతో ప్రయాణించేవారికి, లేదా నంబరు మార్పు, పునరుద్ధరణ, మరమ్మతు మూడూ ఒకేసారి మీదపడిన వారికి కొత్త హ్యాచ్‌బ్యాక్ మేలు. డిక్కీ కొంత తగ్గినందుకు ఏడాదికి ఒకటి రెండు సార్లు పెద్ద వాహనం అద్దెకు తీసుకోవచ్చు. బియ్యం బస్తా తరువాతి బండిలోనైనా వస్తుంది. మనుషులు క్షేమంగా చేరడం ముఖ్యం.