హ్యాకర్లు: భయపడాలా, నవ్వి ఊరుకోవాలా?

ఆసుపత్రి పత్రికలో కంప్యూటర్ దొంగల గొడవ ఎందుకని కొందరు పాఠకులకు అనిపించవచ్చు. ఓ.పి. చీటీ మొదలుకొని రక్తపరీక్ష రిపోర్టు దాకా నేడు చాలా ఆసుపత్రుల్లో అన్నీ కంప్యూటర్‌లోనే ఉంటున్నాయి. అది మూగబోతే మొదట బాధపడేది రోగే.

హ్యాకర్లందరూ చెడ్డవారు కారు. లోపాలను కనిపెట్టి, యజమానికి చెప్పి సరిచేయించేవారూ ఉన్నారు. 2017 మే నెలలో ‘వనాక్రై’ అనే వైరస్ 150 దేశాలకు పైగా పాకినప్పుడు దానికి అడ్డుకట్ట వేసింది అటువంటి విద్య తెలిసిన ఒక బ్రిటిష్ యువకుడే. అయితే ఈలోగా ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, అంబులెన్సులను దారి మళ్ళించారు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. విచారకరమైన సంగతేమంటే, ఆ లోపానికి విరుగుడు మార్చి నెలలోనే వచ్చింది. టీకా అందుబాటులో ఉన్నా వేయించుకోనివారికే జబ్బు చేసింది.

2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లకు ఇదే గతి పట్టింది. సుమారు రెండు వారాలు రిజిస్ట్రేషన్లు, బిల్లులు, రిపోర్టులు చేతితోనే రాసుకున్నారు. దూరం నుండి వచ్చి వరుసలో నిలబడ్డ రోగిని తలచుకోండి. దీన్ని ‘పిల్లల ఆట’ అనగలమా?

మన హైదరాబాద్ సంగతి చూద్దాం. 2022 జనవరిలో మహేష్ బ్యాంకు నుండి 12 కోట్ల 48 లక్షల రూపాయలు కాజేశారు. తాళాలు పగలగొట్టలేదు. అంతకు ముందు నవంబరులో ఉద్యోగులకు వచ్చిన ఈమెయిళ్ళను ఒకరిద్దరు తెరవడమే దారి ఇచ్చిందని పోలీసులు తేల్చారు. దొంగ తెలివి కన్నా మన ఏమరుపాటే అతనికి పెద్ద పెట్టుబడి అని మా అభిప్రాయం.

నాంపల్లి స్టేషన్‌లో దిగి వైద్యం కోసం ఈ చుట్టుపక్కల ఆసుపత్రులకు వచ్చే కుటుంబాలకు మేము ముఖ్యంగా చెప్పేది ఇది. ఆసుపత్రి నంబరును గూగుల్‌లో వెతికి, కనబడిన మొదటి నంబరుకు ఫోన్ చేయకండి. మీ ఓ.పి. చీటీ మీద ఉన్న నంబరుకే చేయండి. ‘10 రూపాయలు కడితే అపాయింట్‌మెంట్ ఖాయం’ అంటూ లింకు గానీ, యాప్ గానీ పంపితే ముట్టుకోవద్దు. పెళ్ళిపత్రిక పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఫైలు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది శుభలేఖ కాదు. ఓటీపీని డాక్టరైనా, బ్యాంకువారైనా అడగరు. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో పాత ఫోన్ అమ్మేవారు (కొట్టువారు ఎంత మంచివారైనా సరే) ముందుగా సిమ్ తీసి, లోపలిదంతా పూర్తిగా చెరిపివేయాలి. షుగరు, గుండె జబ్బు ఉన్నవారు మందుల చీటీ, ఈసీజీ కాగితాల నకళ్ళు ఇంట్లో ఒక ఫైలులో ఉంచుకోవాలి. కంప్యూటర్ పనిచేయని రోజున డాక్టరుకు అవే ఆధారం.

డబ్బు పోయిందని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఇంకో ఖాతాకు మారకముందే ఆపించే వీలుంటుంది. ఇంట్లోవాళ్ళు తిడతారని పెద్దవాళ్ళు రెండు మూడు రోజులు దాచిపెడుతుంటారు. దయచేసి వారిని తిట్టకండి, ముందు ఫోన్ చేయించండి.