యూపీఎస్ అరుపు కంప్యూటర్‌కు వినపడుతున్నదా?

ఈదురుగాలి లేస్తది, లైన్ మీద కొమ్మ పడ్తది, కరెంట్ పోతది. ఊళ్లె ఆన్‌లైన్ సెంటర్‌ల ఆదాయ సర్టిఫికెట్ కోసం సగం నింపిన ఫారం గల్లంతైతది. "రేపు రాండ్రి" అంటరు. ఆ రేపు అంటే కూలికి పోయే అక్కకు ఒకరోజు కూలి. టేబుల్ కింద యూపీఎస్ ఉన్నది గదా, మరి ఎందుకు పోయింది?

అసలు సంగతి కంప్యూటర్ లోపల ఉన్నది. 'సేవ్' నొక్కంగనే ఫైల్ డిస్కు మీదికి పోయిందనుకుంటం. డిస్కు నెమ్మది, ర్యామ్ ఉరుకుడు. అందుకే ఆపరేటింగ్ సిస్టం ముందుగాల ర్యామ్‌ల పెట్టుకొని, వీలు సూసుకొని డిస్కు మీద రాస్తది. లినక్స్‌ల మామూలు సెట్టింగ్ అయితే 30 సెకండ్ల దాకా ఆగొచ్చు. ర్యామ్‌కు కరెంట్ ఉన్నంతసేపే యాది. డేటాబేస్ లాంటి సాఫ్ట్‌వేర్లు "ఇప్పుడే రాయి" అని పట్టుబట్టి రాయిస్తయి గని, అన్నీ అట్ల చెయ్యవు.

ఇంక రాస్తుండంగ నడుమల కరెంట్ పోతే? దీనికి మన షావుకార్ల పద్ధతే వాడిండ్రు. షావుకారి ముందు చిట్టాల రాసుకుంటడు, తర్వాత ఖాతాకు ఎక్కిస్తడు. 1993ల విండోస్ ఎన్‌టీతోటి వచ్చిన ఎన్‌టీఎఫ్‌ఎస్, 2001ల లినక్స్ కెర్నెల్‌ల చేరిన ఈఎక్స్‌టీ3 గిదే పని చేస్తయి. కరెంట్ వచ్చినంక చిట్టా సూసి లెక్క సరిచేసుకుంటయి. కాకపోతే అవి కాపాడేది ముఖ్యంగ ఫోల్డర్ల లెక్కను. మీరు టైపు చేసిన ఆఖరి పేరాకు పూచీ లేదు. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌ల ఆ చిట్టా కూడ ఉండదు.

యూపీఎస్ సంగతికి వద్దాం. చిన్న యూపీఎస్‌లల్ల మామూలుగ ఉండేది 12 వోల్టుల, 7 యాంపియర్ అవర్ బ్యాటరీ. అంటే కాగితం మీద 84 వాట్ అవర్లు. బ్యాటరీ పాతదైతే కొన్ని నిమిషాలే. కరెంట్ వచ్చేదాక పని నడిపించనీకి కాదది, కంప్యూటర్‌ను పద్ధతిగ బంద్ చేయనీకి. అది కూ కూ అని అరుస్తది, ఆపరేటర్ చాయ్‌కి పోయి ఉంటడు. అరుపు కంప్యూటర్‌కు వినపడాలంటే యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు ఉండాలె, వైరు గుచ్చాలె. అప్పుడు విండోస్‌ల ల్యాప్‌టాప్ లెక్క బ్యాటరీ గుర్తు కనపడ్తది. పవర్ ఆప్షన్స్‌ల 'క్రిటికల్ బ్యాటరీ యాక్షన్' కాడ హైబర్నేట్ పెట్టాలె. హైబర్నేట్ అంటే ర్యామ్‌ల ఉన్నదంత డిస్కు మీద దాచి బంద్ అవుడు. 'స్లీప్' పెడితే ర్యామ్‌కు కరెంట్ కావాలె, బ్యాటరీ ఒడిస్తే అన్నీ పోతయి. పాత బ్యాటరీ చూపెట్టే శాతాన్ని నమ్మొద్దు, హద్దు కొంచెం ఎక్కువనే పెట్టుకోవాలె.

లినక్స్‌ల 'నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్' అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది. ఒక పెద్ద యూపీఎస్ మీద నడిచే బడి ల్యాబ్‌ల, ఒక కంప్యూటర్ దాని మాట విని మిగతావాటికి చెప్తది. నెట్‌వర్క్ స్విచ్ కూడ అదే యూపీఎస్ మీద ఉండాలె, లేకుంటే ఆ కబురు చేరదు.

ఇంకోటి. "స్పీడ్ పెరుగుతది, డిస్కు సెట్టింగ్‌ల రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్ ఆఫ్ చెయ్యిండ్రి" అని వీడియోలల్ల చెప్తుంటరు. బ్యాటరీ భరోసా లేని కాడ దాన్ని ముట్టొద్దు. "ఇప్పుడే రాయి" అన్న మాటను అది అటకెక్కిస్తది.

కంప్యూటర్లు కొన్ననాడు రిబ్బన్ కట్ చేసి ఫొటోలు దిగుతరు. రెండు మూడేండ్లకు బ్యాటరీ నీరసపడ్తది, దానికి మాత్రం బడ్జెట్‌ల పద్దు ఉండదు. పంచాయతీ ఆఫీసుల, బడిల అడుగుండ్రి: యూపీఎస్‌కు యూఎస్‌బీ పోర్టు ఉన్నదా? వైరు గుచ్చిండ్రా, డబ్బాలనే ఉన్నదా? బ్యాటరీ ఎప్పుడు మార్చిండ్రు? పని లేని పూట ఫైళ్లన్నీ సేవ్ చేసి, యూపీఎస్‌కు కరెంట్ వచ్చే స్విచ్ ఆపి కూసోండ్రి. ఎవ్వరు ముట్టకుండ కంప్యూటర్ తనంతట తానే దాచుకొని బంద్ అయితే పని అయినట్టు. అరిచి అరిచి టక్కున ఆరిపోతే, ముందుగాల ఆ వైరు సూడుండ్రి.