హూవర్ డ్యామ్ మీద నిలబడి నాయనకు వీడియో కాల్

మాది అనంతపురం జిల్లా. అరిజోనాలో ఎమ్మెస్ చేస్తున్నా. మొన్న శనివారం నలుగురు ఫ్రెండ్స్‌మి తెల్లారకముందే ఫీనిక్స్ నుంచి హూవర్ డ్యామ్‌కి బయల్దేరాం. కారులో నాలుగున్నర గంటలు. దారంతా రాళ్ల గుట్టలు, ముళ్ల పొదలే. "మీ ఊరికొచ్చినట్టుందిరా" అని భీమవరం ఫ్రెండ్ ఒకటే నవ్వు.

1936లో పూర్తయిన ఈ డ్యామ్ ఎత్తు 221 మీటర్లు. కొలరాడో నది మీద, అరిజోనా, నెవాడా సరిహద్దులో ఉంది. టవర్ల మీద రెండు రాష్ట్రాల టైం చూపించే గడియారాలున్నాయి. చలికాలంలో అటు దాటితే గంట తేడా! పైన నడవడానికి టికెట్ అక్కర్లేదు.

నాయనకు వీడియో కాల్ చేశా. కాలువ నీళ్లను నమ్ముకుని చీనీ తోట పెట్టాలనుకుంటున్నాడు.

"ఆడ వానలు బాగా పడతాయా?"

అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు. ఫీనిక్స్‌లో 200 కూడా పడదు.

"మరి నీళ్లు యాడివి?"

మనకు హంద్రీ-నీవా కృష్ణా నీళ్లు తెచ్చినట్టు, ఇక్కడ 540 కిలోమీటర్ల కాలువ కొలరాడో నీళ్లు తెస్తుంది.

ఫోన్ లేక్ మీడ్ వైపు తిప్పా. కొండల చుట్టూ తెల్లటి చార. ఒకప్పుడు నీళ్లు అంతవరకు ఉండేవి. 2021లో ఈ నదిపై తొలిసారి నీటి కొరత ప్రకటించారు. ఆ మరుసటేడు అరిజోనాలో ఎక్కువ కోత పడింది రైతులకే.

నాయన కాసేపు మాట్లాడలేదు. "అయితే సగం చేనుకే చీనీ పెడతాలే. మిగతా సగం చెనిక్కాయే" అన్నాడు.