చక్రములపై ఇల్లు

ప్రయాణమునకు పోవువారు ఇంటికి తాళము వేసి పోవుట లోకమున సామాన్యము. ఇంటినే వెంటగొని పోవువారును కలరు. ఆస్ట్రేలియా దేశమున బడులకు సెలవులు రాగానే పెక్కు కుటుంబములు మోటారుకారు వెనుక చక్రములుగల చిన్న గదినొకదానిని తగిలించుకొని, పిల్లలతో బయలుదేరును. ఈ గదిని ‘కారవాన్’ అందురు. ఇది పారసీక భాషనుండి వచ్చిన మాట. ఎడారులలో ఒంటెలపై సరకులు వేసికొని గుంపుగా సాగు బిడారునకు మొదట ఆ పేరుండెను.

ఈ గదిలో ప్రతి వస్తువును రెండు పనులు చేయును. పగలు కూర్చుండు బల్లయే రాత్రి పడక యగును. ఒక మూల గ్యాసు పొయ్యి, క్రింద నీటి తొట్టి ఉండును. త్రాగుటకును, వంటకును, ముఖము కడుగుకొనుటకును ఆ తొట్టి నీరే ఆధారము. ఇంటివద్ద కొళాయి విప్పి మరచిపోవు బాలుడు ఇచ్చట నీటిని గ్లాసుతో కొలిచి వాడుకొనును. ఈ ప్రయాణమున పిల్లలు నేర్చు మొదటి పాఠ మిదియే.

దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా పట్టణమునుండి ఉత్తరమున డార్విన్ వరకు సుమారు 2,700 కిలోమీటర్ల రాజమార్గము కలదు. 1862లో ఈ ఖండమును దక్షిణమునుండి ఉత్తరమునకు దాటిన జాన్ మెక్‌డవల్ స్టూవర్ట్ పేరు దానికి పెట్టిరి. మోటారుబండ్లు రాకపూర్వము ఈ ఎండు నేలపై నిజమైన బిడారులే తిరిగెడివి. 1860 మొదలుకొని అఫ్‌గనిస్థానమునుండియు, నాటి హిందూదేశపు వాయవ్య భాగమునుండియు ఒంటెలను, వాటిని నడుపువారిని ఇచ్చటికి రప్పించిరి. లోపలి ఊళ్లకు తిండిగింజలు, తంతి మార్గమునకు సామగ్రి చేర్చినవి ఆ ఒంటెలే.

ఈ మార్గమునకు కొంచెము ప్రక్కగా వూమెరా అను చిన్న ఊరు కలదు. అచ్చటి ఉద్యానములో చెట్ల నడుమ రాకెట్లు నిలిచియుండును. పిల్లలు వాని చుట్టు తిరిగి తాకి చూతురు. రాకెట్లను ప్రయోగించి పరీక్షించుటకై 1947లో ఈ ఊరు వెలసినది. ఆకాశశిల నొకదానినుండి జపాను వ్యోమనౌక తెచ్చిన మట్టి 2020లో ఈ ప్రాంతముననే దిగినది. వూమెరా అనగా ఈటెను దూరముగా విసరుటకు ఆదివాసులు వాడు కర్ర. ప్రయోగక్షేత్రమునకు తీసికొన్న నేల వారు తరతరములుగా తిరుగాడిన నేల. వారి సమ్మతి లేకయే దానిని తీసికొనిరి. ఊరికి వారి మాట పేరైనది. నేల మాత్రము వారి చేయి జారినది. ఆ రాకెట్లను చూచునపుడు ఈ సంగతియు తెలిసికొనవలెను.

మరికొంత దూరము పోగా గ్లెండాంబో వచ్చును. దాని ఊరిపలక ప్రసిద్ధమైనది. గొర్రెలు 22,500, ఈగలు సుమారు 20 లక్షలు, మనుష్యులు 30 అని అందు జనసంఖ్య వ్రాసిరి. పిల్లలు పకపక నవ్వుదురు. కాని పెద్దలు అచ్చట ఆగి పెట్రోలు, నీరు నింపుకొందురు. ఏలయన, తరువాతి సుమారు 250 కిలోమీటర్లలో మరియొక ఊరు లేదు. బండి చెడినచో దానిని విడిచి నడచిపోరాదు. బండి నీడలో, నీటి చెంత నిలిచి సహాయమునకు వేచియుండవలెను. దూరమునుండి వెదకువారికి మనిషికంటె బండి సులువుగా కనబడును. ఎడారిలో ఈ నియమమును మీరిన వారు ప్రాణములు కోల్పోయిరి.

ఆ దారి చివర కూబర్ పీడీ ఉన్నది. 1915లో బంగారము వెదకుచు వచ్చిన వారితో 14 ఏండ్ల బాలుడొకడు ఉండెను. పెద్దలు లేని వేళ నీటికొరకు తిరిగిన ఆ బాలునికి నేలపై రంగురంగుల ఓపల్ రాళ్లు దొరికెను. ఆ రత్నములకై జనము వచ్చి చేరిరి. కాని వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటును. ఇండ్లు కట్టుటకు కలప లేదు. అందువలన గనులు త్రవ్విన చేతులే కొండలను తొలిచి ఇండ్లు చేసికొనెను. పైన నిప్పులు కురియుచున్నను లోపల సుమారు 24 డిగ్రీల చల్లదనముండును. ప్రార్థనాలయములు సైతము భూగర్భముననే కలవు. గాలి రాకకై పైకి పెట్టిన గొట్టములు చూచి, క్రింద ఇల్లున్నదని గుర్తింపవచ్చును. గోల్ఫు మైదానములో గడ్డి లేదు. ఆటగాడు చిన్న గడ్డిముక్కను వెంట తెచ్చుకొని దానిపై బంతి నుంచి కొట్టును. ఊరి వెలుపల లోతైన గోతులు లెక్కలేనన్ని ఉండుటచే వెనుకకు నడువవలదను హెచ్చరిక పలకలు కనబడును. ఇచ్చట తల్లిదండ్రులు పిల్లల చేతులు విడువరు.

ఇంకను ఉత్తరమున ఆలిస్ స్ప్రింగ్స్ పట్టణము గలదు. అచ్చటి టాడ్ నది తరచు ఎండియే యుండును. 1962 మొదలు ఆ ఇసుకలో పడవ పందెములు జరుపుచున్నారు. అడుగు లేని పడవలో నిలిచి, దానిని చేతులతో ఎత్తిపట్టి అందరును పరుగెత్తుదురు. 1993లో ఆ పందెము జరుగలేదు. కారణము? నదికి నీరు వచ్చినది!

ఈ ఊళ్లను తొలుత చూచిన పిల్లలకు వింతయే తోచును. ‘ఏల?’ అని అడుగుచు పోగా వింత వెనుక అక్కర కనబడును. కలప లేనిచోట కొండ ఇల్లైనది. నీరు లేనిచోట ఇసుకయే నదియైనది. మనుష్యులు తక్కువైనచోట ఈగలును జనసంఖ్యలో చేరినవి. కొరతకు మనిషి చెప్పిన సమాధానమే ఆ వింత. ఈ సంగతి గ్రహించిన బాలుడు తిరిగి వచ్చిన పిమ్మట తన ఊరి వీధిని, చెరువును, పాత గోడను చూచి అదే ప్రశ్న వేయును. అట్టి ప్రశ్న వెంట తెచ్చుకొనినవాని ప్రయాణమే సఫలము.