కళాకారుల పింఛను, బృందాల గ్రాంటు: ఏది ఎవరికి వస్తుంది?

ఈ సమాచారం ఎవరికి?
ఆంధ్రప్రదేశ్‌లోని డప్పు, తోలుబొమ్మలాట, బుర్రకథ, హరికథ, వీధినాటకం, కోలాటం కళాకారులకు, వాళ్ల బృందాలకు.

ముందు ఇది తెలుసుకోండి
కళ కోసం ప్రభుత్వం ఇచ్చే డబ్బు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి మనిషికి ఇచ్చే పింఛను, రెండోది బృందానికి ఇచ్చే గ్రాంటు. మనవాళ్లలో చాలామంది పింఛను దగ్గరే ఆగిపోతున్నారు. పింఛనుతో పెద్దాయనకు మందులు, సరుకులు గడుస్తాయి. ఆయన దగ్గర నేర్చుకునే కుర్రాడికి మాత్రం ఏమీ రాదు. అందుకే రెండో దారి కూడా తెలియాలి.

శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం మండలం నిమ్మలకుంటనే చూడండి. ఆంధ్ర తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. అయినా ఇప్పుడు అక్కడి కుటుంబాలకు ఎక్కువగా తిండి పెట్టేది ఆట కాదు, తోలుతో చేసే దీపాల షేడ్లు, గోడకు పెట్టుకునే బొమ్మలు. ఆట ఆడాలంటే బొమ్మలాడించేవాళ్లు, పాడేవాళ్లు, మద్దెల, తాళం అందరూ కావాలి. ఒక్కరి పింఛనుతో అది నడవదు.

1. ఎన్టీఆర్ భరోసా పింఛను
• డప్పు కళాకారులకు నెలకు 4,000 రూపాయలు. వయసు 50 ఏళ్లు నిండాలి.
• కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు దాటకూడదు.
• సాధారణంగా ఇంటికి ఒక పింఛనే.
• ప్రతి నెలా మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చి ఇస్తారు.
• ప్రదర్శనల కోసం ఊళ్లు తిరిగేవాళ్లు గమనించాలి: వరుసగా 2 నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు. మూడో నెల కూడా తీసుకోకపోతే పింఛను ఆగిపోతుంది.

2. వృద్ధ కళాకారులకు కేంద్ర సాయం
• కేంద్ర సాంస్కృతిక శాఖ ఇస్తుంది. నెలకు గరిష్ఠంగా 6,000 రూపాయలు.
• వయసు 60 ఏళ్లు దాటాలి. ఏడాది ఆదాయం 72,000 రూపాయలు మించకూడదు.
• రాష్ట్రం నుంచి నెలకు కనీసం 500 రూపాయల కళాకారుల పింఛను వస్తూ ఉండాలి. అంటే రాష్ట్ర జాబితాలో పేరు లేనివాళ్లకు కేంద్రం తలుపు కూడా తెరుచుకోదు.

3. గురుశిష్య పథకం
బృందానికి రిజిస్ట్రేషన్ లేకపోయినా అడగదగిన దారి ఇది. తంజావూరులోని దక్షిణ మండల సాంస్కృతిక కేంద్రం దీన్ని నడుపుతోంది. మన రాష్ట్రం అందులో సభ్య రాష్ట్రమే. కనుమరుగవుతున్న కళలకు ప్రాధాన్యం. గురువుకు నెలకు 7,500, సహకార వాద్యకారుడికి 3,750, ఒక్కో శిష్యుడికి 1,500 రూపాయలు.

4. బృందాలకు కేంద్ర గ్రాంట్లు
• రెపర్టరీ గ్రాంటు: గురువుకు నెలకు 15,000, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 రూపాయలు.
• ప్రదర్శనలు, ఉత్సవాలు, కొత్త నాటకాల గ్రాంటు: సాధారణంగా 5 లక్షల రూపాయల వరకు. సంస్థ రిజిస్టరై కనీసం 3 ఏళ్లు అయి ఉండాలి.

ఎక్కడ ఆగిపోతోంది?
కళ రాకపోవడం వల్ల కాదు, కాగితాలు లేకపోవడం వల్ల. తాతల నాటి నుంచి ఆడుతున్న బృందానికి సొసైటీ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, జమాఖర్చులు రాసిపెట్టి ఉండవు. పట్నంలో ఆడిటర్ ఉన్న సంస్థకు ఇవన్నీ సిద్ధంగా ఉంటాయి. ఇంకో చిక్కు ఏంటంటే, గ్రాంటు విడతలుగా వస్తుంది. ఇచ్చిన డబ్బుకు లెక్క చూపాకే మిగతాది పడుతుంది. ఈలోపు వాద్యాలు, బాడుగ వ్యాను ఖర్చు బృందమే పెట్టుకోవాలి. అప్పు చేసి ఆడితే వడ్డీ మీద పడుతుంది. కాబట్టి మంజూరు పత్రం చేతికి రాకముందే ఖర్చు మొదలుపెట్టకండి.

ఇప్పుడే చేయాల్సిన పనులు
• కనీసం 7 మంది కలిసి జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో సొసైటీ రిజిస్టర్ చేయించుకోండి. 3 ఏళ్ల లెక్క ఆ రోజు నుంచే మొదలవుతుంది. ఈ ఏడు వదిలేస్తే ఒక ఏడు పోయినట్టే.
• బృందం పేరు మీద పాన్ కార్డు, బ్యాంకు ఖాతా తీసుకోండి.
• ఎన్‌జీవో దర్పణ్ పోర్టల్‌లో నమోదు చేసుకోండి. ఫీజు లేదు.
• ప్రతి ప్రదర్శనకు తేదీ, ఊరు, వచ్చిన డబ్బు, పెట్టిన ఖర్చు ఒక నోట్‌బుక్కులో రాయండి. ఫొటోలు, కరపత్రాలు, పంచాయతీ ఇచ్చిన లెటర్లు దాచండి.

తరచూ అడిగే ప్రశ్నలు

పింఛను తీసుకుంటూ బృందంలో ఉండొచ్చా?
ఉండొచ్చు. బృందానికి వచ్చే గ్రాంటు సొసైటీ ఖాతాలో పడుతుంది, మీ సొంత ఖాతాలో కాదు. అందులోంచి మీకు నెలనెలా పారితోషికం వస్తే మాత్రం అది మీ ఆదాయమే. పరిమితి దాటుతుందేమో చూసుకోండి.

దరఖాస్తు ఎప్పుడు పెట్టాలి?
కొత్త పింఛన్లకు ప్రభుత్వం అనుమతి ఇచ్చినప్పుడు సచివాలయంలో తీసుకుంటారు. కేంద్ర గ్రాంట్లకు సాంస్కృతిక శాఖ ప్రకటన ఇచ్చాక ఆన్‌లైన్‌లో పెట్టాలి. ప్రకటన వచ్చాక కాగితాల కోసం పరిగెడితే గడువు దాటిపోతుంది.

మధ్యవర్తికి డబ్బు ఇవ్వాలా?
వద్దు. కమీషన్ అడిగినవాళ్లకు ఆధార్, ఓటీపీ చెప్పకండి.

మీ ఊళ్లో డప్పు కొట్టేవాళ్లకు, బొమ్మలాడించేవాళ్లకు స్మార్ట్‌ఫోన్ లేకపోతే ఇది చదివి వినిపించండి.